గార్ఫీల్డు దొర మంచం

బెజవాడ సత్యనారాయణపురంలో కలపాల చిదంబరం మేస్టారింట్లో ఏటా నవంబరు పంతొమ్మిదిన జరిగే పండగ ఏ పంచాంగంలోనూ దొరకదు. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మానికి కట్టిన మామిడాకులు చూసి, లోపల్నించి వచ్చే నేతి వాసన పీల్చి, "ఏ దేవుడి పూజండీ?" అని అడుగుతారు. "దేవుడు కాదండీ, అమెరికా ప్రెసిడెంటు" అంటుంది మేస్టారి భార్య సుగుణమ్మ. ఇన్నేళ్ళు చెప్పినా ఆవిడకి ఆ మాట అనేటప్పుడు సిగ్గు పోలేదు. "ఎవరూ, లింకనేనా?" "అబ్బే, కాదండీ. గార్ఫీల్డని ఇంకొకాయన ఉన్నాట్ట." అడిగినవాళ్ళు బుర్రూపి, చేతిలో పెట్టిన మైసూర్‌పాకు తినేసి, మేస్టారికి కాస్త తేడాగా ఉందన్నమాట అనుకుంటూ వెళ్ళిపోతారు.

అనుకుంటే అనుకోనివ్వండి. మేస్టారు ముప్ఫై ఏళ్ళపైన హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. వీధి ఏమనుకుంటుందోనని భయపడే రకం కాదు. పాత శిష్యులు పెరట్లో చాపలమీద కూచుంటే, ఆయన లుంగీ పైకి దోపుకుని ఉపన్యాసం మొదలెడతాడు.

"ఇరవయ్యో ప్రెసిడెంటురా! కుర్చీలో కూచుని నిండా నాలుగు నెల్లు కాకుండానే రైలుస్టేషన్లో తుపాకీ దెబ్బ తిన్నాడు. ఏం సాధించాడని అడక్కండి, సాధించనిచ్చారా? కుర్రతనంలో కాలవ పడవల్ని లాగే కంచరగాడిదల్ని తోలాడు. ఈత రాదు. అస్తమానం కాలవలో పడేవాడు. మన బందరు కాలవలో పడి ఇంతవరకూ ఎవడన్నా ప్రెసిడెంటయ్యాడ్రా? పైగా వాళ్ళ చట్టసభలో మెంబరుగా ఉండగానే పైథాగరస్ సిద్ధాంతానికి సొంతంగా నిరూపణ రాశాడు. మన అసెంబ్లీలో ఏం రాసుకుంటారో మీకు తెలుసు, నన్ననిపించకండి."

అప్పుడు సుగుణమ్మ పళ్ళెం తెస్తుంది. అందులో మైసూర్‌పాకు పలకలుగా ఉండదు. దొరగారి నిరూపణలో ఉన్నట్టే సమలంబ చతుర్భుజంగా కోసి, దాన్ని మళ్ళీ మూడు త్రిభుజాలు చేసి ఉంటుంది. ఏ త్రిభుజం వైశాల్యం ఎంతో చెప్పినవాడికే ఆ ముక్క. చెప్పలేనివాడికి కూడా చివర్లో పెడతారనుకోండి, కాకపోతే నాలుగు తిట్లు కలిపి.

తినబోయే ముందు మాత్రం అందరూ పంపు దగ్గర వరసకట్టాలి. అక్కడ మేస్టారి గొంతు మారిపోతుంది. "తూటా చంపలేదురా ఆయన్ని. కడుక్కోని చేతుల్తో గాయంలో కెలికిన డాక్టర్లు చంపారు. టెలిఫోను కనిపెట్టినాయన తూటాని వెతికే మిషను తయారుచేసుకుని పరిగెత్తుకొచ్చాడు. దొరని పడుకోబెట్టిన మంచానికి ఇనప స్ప్రింగులు. మిషను ఎక్కడ పెట్టినా ఒకటే మోత. పెద్ద డాక్టరేమో తూటా కుడివైపే ఉందని ముందే ఊరంతా చాటుకున్నాడు, అందుకని ఎడమవైపు వెతకనివ్వలేదు. తూటా ఎడమవైపే ఉంది." పంపు తిప్పి, గొంతెత్తి అరుస్తాడు.

"చేతులు కడిగామా?"

"కడిగాం!"

"రెండోవైపు చూశామా?"

"చూశాం!"

"మంచం మార్చామా?"

"మార్చాం!"

"గార్ఫీల్డు దొరకీ..."

"జై!"

పక్కింటి కుక్క కూడా మొరుగుతుంది. చిన్నప్పుడు ఆ కేకలు వినపడకుండా మేస్టారి ఒక్కగానొక్క కూతురు హైమవతి వంటింట్లో చెవులు మూసుకునేది. నలభై దాటాక, సొంతంగా ఒక మిషను కనిపెట్టాక కూడా, ఆ జై కొట్టడం ఆమెకి నామోషీగానే ఉండేది.

హైమవతి కనిపెట్టింది నలుసుల్ని. పుప్పొడికన్నా సన్నగా, నెత్తుట్లో ఈదుతూ పోయి, కాళ్ళలోనో గుండె దగ్గరో రక్తం గడ్డకట్టినచోట చేరి, ఆ గడ్డని నమిలేసే నలుసులు. ఒక్క సూదిమందుతో లోపలికి వెళతాయి. పని అయ్యాక కుందేళ్ళలోనైతే అన్నీ లివరులోకి చేరి, నెమ్మదిగా పైత్యంతో కలిసి బయటికి పోయాయి. లోపల అవి ఎక్కడున్నాయో తెలుసుకోడానికి ఆమె ఒక వినికిడి పళ్ళెం కూడా తయారుచేసింది. తీగ చుట్టిన చిన్న పళ్ళెం అది, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను దానికి తగిలించి ఉంటుంది. దాన్ని ఒంటిమీదుగా జరుపుతుంటే, కింద నలుసులు గుంపుకట్టిన చోట చెవిలో తుమ్మెద తిరిగినట్టు మోత వస్తుంది. వేరే దారి లేదు. ఎమ్మారై అయస్కాంతం దగ్గరికి తీసుకెళితే నలుసులు కండ చీల్చుకుని పోతాయి. మిగతా స్కానింగుల్లో అవి అసలు కనిపించవు.

పళ్ళేనికి నలుసుకీ రాగికీ ఇనుముకీ తేడా తెలీదు. అందుకని మనిషిని పడుకోబెట్టే బల్లని హైమవతి దగ్గరుండి ఒక్క మేకు లేకుండా చేయించింది. దానిమీద ఎక్కేవాళ్ళు గాజులూ ఉంగరాలూ మట్టెలూ తీసేయాలి. చిదంబరం మేస్టారిచేత వెండి మొలతాడు తీయించడానికి సుగుణమ్మ ఒక పూట అలిగింది.

అవును, మేస్టారు కూడా ఎక్కాడు. ఆయన పిక్కలో గడ్డ ఉంది. "నీ మందు ఊళ్ళోవాళ్ళకి పొడిచి కన్నతండ్రిని వదిలేస్తావా? లోకులేమనుకుంటారే?" అని వాదించి, మనుషులమీద పరీక్షించే మొదటి జట్టులోనే పేరు రాయించుకున్నాడు. దసరా వెళ్ళిన వారంలో ఆ జట్టు మొత్తానికీ నలుసులు ఎక్కించారు. పళ్ళెం పెట్టి వింటే అందరిలోనూ ఒకటే మాట. కుడివైపు, లివరు దగ్గర మోత. కుందేళ్ళలో జరిగిందే మనుషుల్లోనూ జరుగుతోందని హైమవతి పనిచేసే ల్యాబంతా గంతులేసింది. డైరెక్టరు వేదాద్రిగారు ఆ మాట గవర్నమెంటుకి రాసేశారు. ఇంక ఎడమవైపు వినడం టైము దండగని ఆపించేశారు. నవంబరు పంతొమ్మిదిన మంత్రిగారు వచ్చి, అన్ని జిల్లాలకీ నలుసుల్ని ఉచితంగా పంచే పథకం మొదలుపెట్టాలని ముహూర్తం కూడా పెట్టారు.

ఆ పండగకి వారం ముందు మేస్టారికి జ్వరం తగిలింది.

మామూలు జ్వరం అనుకున్నారు. తగ్గలేదు. ఎడమ డొక్కలో పోటు మొదలైంది. ల్యాబుని ఆనుకునే ఉన్న ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ సర్జను సలోమి, మేస్టారి పాత శిష్యురాలు. నాడి చూసి, డొక్క నొక్కి, హైమవతిని పక్కకి పిలిచింది.

"లోపల చీము పడుతోంది హైమా. నీ నలుసులు ఎక్కడో ముద్దకట్టాయనిపిస్తోంది. ఎక్కడో చెప్పు, కోసి తీసేస్తా. ఎక్కడో తెలీకుండా మాత్రం కత్తి పెట్టను. ఈ ఒంటికి రెండు కోతలు తట్టుకునే ఓపిక లేదు."

"లివర్లో ఉన్నాయని పళ్ళెం చెబుతోందిగా."

"నొప్పి ఎడమవైపుంటే లివర్లో ఏం వెతకమంటావు? రేపు సాయంత్రం దాకా చూస్తా. ఆ తరవాత కోసినా లాభం లేదు."

ఎడమవైపు నొప్పి అన్న మాట హైమవతి అంతకుముందు ఒకసారి విన్నది. మంగళగిరి నుంచి వచ్చే ప్రభావతమ్మ, మగ్గం నేసే ముసలావిడ, బల్లమీద పడుకుని "ఇక్కడమ్మా, ఈ పక్కన, సూదులు గుచ్చినట్టుంటంది" అని ఎడమ డొక్క చూపించింది. హైమవతి నవ్వుతూ, "మీ నలుసులు ఈ పక్కన హాయిగా కూచున్నాయి మామ్మగారూ, భయంలేదు" అని కుడివైపు తట్టి పంపించింది. ప్రభావతమ్మ ఇంటికెళ్ళిన కొద్ది రోజులకే పోయింది. పెద్ద వయసు, జ్వరమొచ్చి పోయిందన్నారు. ల్యాబు తరఫున ఒక దండ పంపారు.

ఆమె తిన్నగా వేదాద్రిగారి గదిలోకి వెళ్ళింది.

"సార్, నాన్నకి ఎడమవైపు కూడా వినాలి. బల్ల కావాలి."

వేదాద్రిగారు మంచివాడే. ల్యాబులో మూఢనమ్మకం కనపడితే మాత్రం ఆయనకి ఒళ్ళుమండేది. దసరాకి ఆయుధపూజ చేసి, కుర్రాళ్ళు బల్లకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టబోతే, "ఇది ల్యాబయ్యా, లారీ కాదు!" అని అన్నీ పీకి పారేయించిన మనిషి. అలాంటాయన ఇప్పుడు హైమవతి మొహంలోకి చూడకుండా కాగితాలు సర్దుకుంటున్నాడు.

"బల్లని రేపటి ఫంక్షన్‌కి అలంకరించి పెట్టారమ్మా. మంత్రిగారొచ్చి వెళ్ళేదాకా ముట్టుకోవద్దు. అయినా కుడివైపని మనమే రాసిచ్చాం. ఇవాళ ఎడమవైపు వెతుకుతున్నారని పేపరువాడికి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించు."

"ఏమవుతుందో తెలీదు సార్. వెతక్కపోతే ఏమవుతుందో తెలుసు."

"ఒక్కరోజు. ఎల్లుండి ఎడమా విందాం, కుడీ విందాం, నీ ఇష్టం."

"ఎల్లుండికి మా నాన్న ఉండడు."

హైమవతి విసురుగా వార్డుకి వచ్చింది. మేస్టారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి. అయినా కూతురి అడుగు చప్పుడు గుర్తుపట్టాడు.

"కుడివైపు తప్ప చూడనన్నాడా?"

"నాన్నా, మాట్లాడకు."

"నన్ను గార్ఫీల్డుని చేశార్రా మీరు! ఇన్నేళ్ళు జయంతి చేసినందుకు దొర పెద్ద బహుమానమే పంపాడు." నవ్వబోయి, డొక్క పట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ, "మంచం మార్చారా?" అన్నాడు.

"ఆ బల్లలో మేకన్నా లేదు నాన్నా. నేనే చేయించాను."

"చేయించావు సరే. చూశావా?"

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. చావుబతుకుల్లో ఉండి కూడా లెక్కల మేస్టారు లెక్కల మేస్టారే. ఏం చెప్పినా రుజువు చూపించమంటాడు. చూపిస్తా, చూసి నోరుమూసుకుంటాడని, ఆ కోపంలోనే వెళ్ళి, ఎవరూ లేని వినికిడి గదిలోకి దూరింది. బల్లకి బంతిపూల దండలు చుట్టి ఉన్నాయి. పైన ఒక దిండు. రోజూ చేసేదే చేసింది. పళ్ళేన్ని గోడకున్న కొక్కేనికి తగిలించి, మోత పూర్తిగా అణిగేదాకా మర తిప్పి, తీసుకొచ్చి దిండుమీద పెట్టింది. పెట్టి, ఊరికే బల్లంతటా జరిపింది.

ఎడమవైపు నిశ్శబ్దం. కుడివైపుకి రాగానే తుమ్మెద మోత.

హైమవతి చెవిలోది తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. దిండుని కుడివైపుకి జరిపి, దానిమీద పెట్టి చూసింది. దిండు లోపల నలుసులు హాయిగా పాడుతున్నాయి. దిండుకి లివరుంది! ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. పూలదండలు తెంచి, బల్లమీది దూదిపరుపు పైకి లాగింది. కుడివైపున, పరుపుకీ చెక్కకీ మధ్య, అరచేయంత రాగిరేకు అతికించి ఉంది. దానిమీద గీతలు, బీజాక్షరాలు, కుంకుమ. కొత్త ఇల్లు కడితే గడప కింద పెట్టించే రకం రేకు.

మనుషులందరూ ఆ రేకుమీదే పడుకున్నారు. అందరి కుడివైపునా మోగింది రేకే. ఖాళీ బల్లమీద పళ్ళెం పెట్టి వినాలన్న బుద్ధి ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికి కూడా పుట్టలేదు. తనక్కూడా పుట్టలేదు. ఆశించిన చోటే మోత వస్తే ఇంకెందుకు అనుమానిస్తారు!

రేకు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో వేదాద్రిగారు. మనిషి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అది చూడగానే హైమవతికి అర్థమైపోయింది.

"మీరా సార్?"

ఆయన కుర్చీ పట్టుకుని కూలబడ్డాడు. "ఇంతకుముందు నా చేతిమీదుగా రెండు మిషన్లు ఫెయిలయ్యాయమ్మా. ఇది మూడోది. మా అమ్మ కొండమీద పూజ చేయించి ఇచ్చింది. కుర్రాళ్ళ నిమ్మకాయలు పీకించింది నేనే, మళ్ళీ అందరి ముందూ నేనే ఇది ఎలా పెట్టను చెప్పు? దసరా రోజు అందరూ వెళ్ళాక పెట్టాను. రాగి అన్న సంగతి... పవిత్రమైనదనుకున్నానే గాని, రాగి అనుకోలేదు." రేకు కోసం చెయ్యి చాపాడు. "ఇలా ఇచ్చెయ్ హైమవతీ. తీసేద్దాం. ఇవాళ్టి నుంచీ బల్ల నిజమే చెబుతుంది. మీ నాన్నగారిని ఇప్పుడే విందాం, నేనే సాయం పడతాను. ఈ రేకు సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ. నీ పదేళ్ళ కష్టం కూడా ఇందులో ఉంది."

ఆమెకి ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి వెనకే ప్రభావతమ్మ వేలు కనిపించింది, ఎడమ డొక్కమీద పెట్టి చూపిస్తున్న వేలు.

"మిగతావాళ్ళ మాటేమిటి సార్? వాళ్ళందరికీ భయంలేదని చెప్పి పంపించాం. మంగళగిరి మామ్మగారి మాటేమిటి?"

"పోయినావిడని తేలేం కదమ్మా."

"ఉన్నవాళ్ళని పోగొట్టుకోకుండా ఉండగలం." హైమవతి రేకుని చేతిసంచిలో వేసుకుని, పళ్ళేన్ని చంకన పెట్టుకుంది.

"అది ల్యాబు సొత్తు!" అన్నాడాయన లేచి.

"కేసు పెట్టుకోండి. బల్ల మీ దగ్గరే ఉంచుకోండి, అలంకారం బాగుంది."

బల్ల జోలికి ఇంక ఆమె వెళ్ళదల్చుకోలేదు. ఒకసారి అబద్ధం చెప్పినదాన్ని అప్పటికప్పుడు నమ్మే ధైర్యం లేదు. ఆస్పత్రి మంచాలన్నీ ఇనపవే. వరండాలోకి వచ్చి చూస్తే, రోడ్డవతల టీకొట్టు వెనక నులకమంచం వాల్చి ఉంది. చెక్క కోళ్ళు, కొబ్బరినార తాళ్ళు. హైమవతి రోడ్డు దాటింది.

"బాబాయ్, నీ మంచం ఒక్క గంట అరువియ్యి."

"మంచవా! ఎందుకమ్మా?"

"మా నాన్న పడుకోవాలి."

"అంత పెద్దాస్పత్రిలో మంచాల్లేవా?" అని నోరు వెళ్ళబెట్టినా, టీకొట్టాయన మంచాన్ని తనే నెత్తిన పెట్టుకుని వచ్చాడు. వార్డులోకి నులకమంచం రావడం చూసి నర్సులు అడ్డంపడ్డారు. "డాక్టరుగారి ఆర్డరు!" అని లోపల్నించి సలోమి అరిచింది. అప్పటికి ఆవిడ ఏ ఆర్డరూ ఇవ్వలేదు.

హైమవతి ముందు ఖాళీ మంచంమీద పళ్ళెం ఆ చివర్నించి ఈ చివరిదాకా జరిపింది. ఎక్కడా చప్పుడు లేదు. దిండు పెట్టి జరిపింది. చప్పుడు లేదు. అప్పుడు తండ్రిని ఎత్తి పడుకోబెట్టారు. కుడివైపు విన్నది. లివరు దగ్గర గాలి వీచినంత మోత కూడా లేదు. పళ్ళెం ఎడమ పక్కటెముకల కిందికి వచ్చింది. చెవి గింగురుమంది. ఆమె చెవిలోది తీసి సలోమి చెవిలో పెట్టింది.

"ప్లీహంలో ఉంది" అంది సలోమి మెల్లగా. "అంతా ఇక్కడే చేరింది."

"మంచం... మార్చార్రా?" అన్నాడు మేస్టారు కళ్ళు తెరవకుండానే.

"మార్చాం నాన్నా. రెండోవైపు కూడా చూశాం."

ట్రాలీమీద ఆపరేషన్ గదిలోకి తోస్తుంటే ఆయన సలోమి కొంగు పట్టుకున్నాడు. "చేతులు..."

"కడుక్కుంటా మేస్టారూ! మోచేతుల దాకా రుద్ది మరీ కడుక్కుంటా. నన్ను కాల్చుకు తినకండి" అంది సలోమి. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి.

సాయంత్రానికి ప్లీహం తీసేశారు. అది ఉండాల్సినదానికి రెండింతలుంది. మేస్టారు బతుకుతాడని సలోమి చెప్పాక, సుగుణమ్మ వరండాలో నేలమీదే కూచుండిపోయి, "రేపు పండగ కదే, మామిడాకులు కట్టలేదు" అంది. ఏడవడం ఇంకా మొదలుపెట్టలేదావిడ. ఆ మాట అన్నాక మొదలుపెట్టింది.

మర్నాడు ఉదయం మంత్రిగారు రానే వచ్చారు. ల్యాబు ఆవరణలో షామియానా, కుర్చీలు, కెమెరాలు. వేదికమీద పూలదండల బల్ల. కార్యక్రమం ప్రకారం హైమవతి పళ్ళెం ఎలా వింటుందో చూపించాలి. ఆమె రాదని వేదాద్రిగారు అనుకున్నాడు. ఆమె వచ్చింది. నిన్నటి చీరే, రేగిపోయిన జుట్టు, చంకలో పళ్ళెం, చేతిలో దిండు.

మైకు ముందుకొచ్చి, "ఇవాళ గార్ఫీల్డు జయంతి" అంది. జనం మొహమొహాలు చూసుకున్నారు. "మీకు ఆయన తెలీదు, ఫరవాలేదు. అమెరికాకి నాలుగు నెలలు ప్రెసిడెంటుగా పనిచేసి, డాక్టర్ల చేతిలో చచ్చిపోయాడు. మా నాన్న ఏటా ఆయన పేరుమీద మైసూర్‌పాకు పంచుతాడు. మా నాన్నకి పిచ్చని నేను కూడా అనుకునేదాన్ని." బల్లమీద పరుపు ఎత్తి, సంచిలోంచి రేకు తీసి, మునుపున్న చోటే పెట్టింది. పైన దిండు పెట్టి, పళ్ళేనికి స్పీకరు తగిలించింది. "ఇదిగో, ఈ దిండుకి ఇంతవరకూ నలుసులు ఎక్కించలేదు. వినండి."

షామియానా అంతా తుమ్మెద మోత నిండిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మంత్రిగారు కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. హైమవతి రేకు బయటికి లాగింది. మోత ఆగిపోయింది.

"మీకు పంచబోతున్న మందు మనిషి ఒంట్లో ఎక్కడికి పోతుందో మాకు తెలీదు. తెలుసని రాసిచ్చాం. మేం విన్నది మనుషుల్ని కాదు, ఈ రాగిముక్కని. నిన్న మా నాన్న కొద్దిలో బయటపడ్డాడు. మంగళగిరి ప్రభావతమ్మగారు బయటపడలేదు. ఎడమవైపు నొప్పని ఆవిడ నాకు నోటితో చెప్పింది. నేను ఆవిడ నోటి మాట వదిలేసి, ఈ పళ్ళెం మాట విన్నాను. నలుసులు ఎక్కించుకున్న ప్రతి ఒక్కరూ ఇవాళే రావాలి, నులకమంచంమీద మళ్ళీ వినాలి. అది అవకుండా ఈ పథకం మొదలుపెడితే, నేను ప్రతి జిల్లాకీ ఈ దిండు పట్టుకుని వస్తాను!"

ఒక అధికారి మైకు కట్టేయమని సైగచేశాడు. ఇంకొకాయన ఆమె జబ్బ పట్టుకోబోయాడు. "ముట్టుకోకండి" అంది హైమవతి. గొంతు పెంచలేదు, కాని అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ రేకు అక్కడెవరు పెట్టారు?" అన్నారు మంత్రిగారు.

"ఎవరైతే ఏం? వినకపోయింది నేను."

మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది. వేదాద్రిగారు లేచి నిలబడ్డాడు. మెళ్ళో దండ తీసి కుర్చీలో పెట్టాడు. "నేనే పెట్టాను" అన్నాడు. ఆ మాట మైకులో రాలేదు గాని, అందరికీ వినపడింది.

ఆ తరవాత రావాల్సిన కష్టాలన్నీ వరసగా వచ్చాయి. పథకం ఆగిపోయింది. ల్యాబుకి తాళం పడింది. ఎంక్వయిరీ కమిటీ హైమవతిని సస్పెండు చేసింది. ఒక టీవీవాళ్ళు ఆమెని దిండు డాక్టరని రోజంతా వెక్కిరించారు. తాళం పడకముందే మాత్రం ల్యాబు వరండాలో నులకమంచాలు వరసగా వేసి, జట్టులో ఉన్నవాళ్ళందరినీ సలోమీ ఆమే కలిసి విన్నారు. ఇంకో ఇద్దరికి ఎడమవైపు మోత వచ్చింది. ఇద్దర్నీ బతికించుకున్నారు.

మంగళగిరికి హైమవతి ఒక్కతే వెళ్ళింది. ప్రభావతమ్మ కొడుకు ఏడుకొండలు మగ్గం గుంటలోంచి లేవకుండానే అంతా విన్నాడు. "మీరు సెప్పకపోతే జరంతో పోయిందనుకునేవాళ్ళం" అన్నాడు. "అలా అనుకోనియ్యకూడదనే వచ్చాను" అంది హైమవతి. అతను తిట్టలేదు, కూచోమననూ లేదు. మళ్ళీ నేత మొదలుపెట్టాడు. మగ్గం చప్పుడు వీధి చివరిదాకా ఆమె వెనకే వచ్చింది.

మరుసటేడు నవంబరు పంతొమ్మిదిన మేస్టారింటికి జనం విరగబడ్డారు. దిండు గొడవ పుణ్యమా అని గార్ఫీల్డు దొర బెజవాడలో పెద్దమనిషైపోయాడు. కార్పొరేటరు ఫ్లెక్సీ వేయించాడు, అందులో దొర బొమ్మకన్నా కార్పొరేటరు బొమ్మే పెద్దది. మేస్టారు చిక్కిపోయాడు, కాని గొంతు చిక్కలేదు. "చివరి రోజుల్లో ఎండకి అల్లాడిపోతుంటే దొరగారి గదిలోకి ఐసు మీంచి గాలి తోలార్రా! ఏసీకి దణ్ణం బెజవాడవాళ్ళం పెట్టకపోతే ఇంకెవడు పెడతాడు!" అని నవ్విస్తున్నాడు. పెరట్లో ఒక పక్క నులకమంచం, దానిమీద హైమవతి సొంతంగా కట్టుకుంటున్న కొత్త పళ్ళెం. ఉద్యోగం ఇంకా తిరిగి రాలేదు. ఎవరు పనివ్వకపోయినా ఇది ఆపనని ఆమె కమిటీ ముందే చెప్పి వచ్చింది.

పంపు దగ్గర వరస కట్టారు. చిన్నప్పుడు చెవులు మూసుకున్న హైమవతి ఇవాళ వరసలో ముందుంది. చేతులు కడిగామా, కడిగాం. రెండోవైపు చూశామా, చూశాం. మంచం మార్చామా, మార్చాం. అందరూ జైకి నోళ్ళు తెరుస్తుండగా మేస్టారు చెయ్యెత్తి ఆపాడు.

"ప్రభావతమ్మ మాట విన్నామా?"

ఆ ప్రశ్న ఎవరూ అనుకున్నది కాదు. మేస్టారు కూతురివంకే చూస్తున్నాడు. వరస చివర్న, ఎప్పుడొచ్చాడో ఏమో, ఏడుకొండలు నిలబడి ఉన్నాడు. అతనూ ఆమెవంకే చూస్తున్నాడు.

"వినలేదు" అంది హైమవతి, అందరికీ వినపడేలా.

"ఇకమీద?"

ఆమె ఒక్కతే మొదలుపెట్టింది. రెండోసారికి పెరడంతా అందుకుంది.

"వింటాం!"

ఏడుకొండలు ముందుకొచ్చి, పంపు కింద చేతులు పెట్టి, నిదానంగా కడుక్కున్నాడు. సుగుణమ్మ తడి చేతులు తుడుచుకోడానికి కొంగు అందించబోయి, ఉతికిన తువ్వాలు తెచ్చిచ్చింది. మేస్టారు పళ్ళెంలోంచి త్రిభుజం ముక్క ఒకటి తీసి, వైశాల్యం ఎంతని అడక్కుండా, అతని చేతిలో పెట్టాడు.